ఎలక్ట్రిక్ సైకిల్ ఇస్తే చాలదు, యాత్ర కూడా దానికి తగ్గట్టు ఉండాలి

సంపాదకుల వారికి,

నమస్కారం.

మీ పత్రిక యాత్రల పేజీలో ఎలక్ట్రిక్ సైకిళ్ల మీద పాఠకులు రాసిన అభిప్రాయాలు చదివాను. గైడ్ వెంట రోజుల తరబడి సాగే సైకిల్ యాత్రల్లోకి మోటారున్న సైకిళ్లను రానివ్వకూడదని ఒకరు రాశారు. రానిచ్చినా వాళ్లను వేరే బృందంగా పంపాలని ఇంకొకరు అన్నారు. మరొకరైతే అది శుద్ధ మోసమని తేల్చేశారు. ఆ మాట నాకు కష్టం కలిగించింది. నా పని ఇలాంటి యాత్రల్లోనే. బృందంలో అందరికంటే వెనక తొక్కుకుంటూ వస్తాను. పంక్చర్లు వేస్తాను, తెగిన చైన్ అతుకుతాను, ఎక్కుడులో ఊపిరి అందక సైకిల్ దిగినవాళ్ల పక్కన నేనూ దిగి నడుస్తాను. ఎవరు ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో చివర వచ్చేవాడికి తెలిసినంతగా ముందున్న గైడుకు కూడా తెలియదు. అందుకే ఈ ఉత్తరం.

ఎలక్ట్రిక్ సైకిళ్లు మామూలు సైకిళ్లతో పాటు ఒకే బృందంలో సాగాలని నా గట్టి అభిప్రాయం. నిలదీయాల్సింది వాటిని తొక్కేవాళ్లను కాదు, యాత్రలు నడిపేవాళ్లను. చాలామంది నిర్వాహకులు పాత యాత్రను అలాగే ఉంచి సైకిల్ ఒక్కటి మారుస్తున్నారు. అదే దారి, అవే విరామాలు, అవే బసలు. బ్యాటరీ ఎక్కడ అయిపోతుంది, రాత్రి ఎక్కడ చార్జింగ్ పెట్టాలి, పాతిక కిలోల బండిని దిగుడులో ఎలా ఆపాలి అన్న సంగతులన్నీ యాత్రికుడి నెత్తిన వదిలేస్తున్నారు. తర్వాత ఏదైనా తేడా వస్తే నింద సైకిల్ మీద పడుతోంది.

ముందు ఆ మోసం సంగతి తేల్చుకుందాం. 2016లో బెల్జియంలోని జోల్డర్‌లో జరిగిన ప్రపంచ సైక్లోక్రాస్ (బురద, గడ్డి దారుల్లో సాగే సైకిల్ పందెం) పోటీల్లో ఒక క్రీడాకారిణికి చెందినదిగా గుర్తించిన సైకిల్లో దాచిన మోటారు బయటపడింది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఆమెను ఆరేళ్ల పాటు నిషేధించింది. అక్కడ పతకం ఉంది, గడియారం ఉంది, పక్కన మోటారు లేకుండా ప్రాణం పెట్టి తొక్కుతున్నవాళ్లు ఉన్నారు. అది మోసమే. మరి యాత్రలో? సాయంత్రం బసకు అందరికంటే ముందు చేరినవారికి ఇచ్చేదేమీ లేదు. మోటారు దాచినదీ లేదు, అందరి కళ్లముందే ఉంది. ఎదుటివాడి నుంచి ఏదీ లాక్కోనప్పుడు మోసం ఎక్కడుంది?

ఈ వాదన కొత్తదీ కాదు. టూర్ ద ఫ్రాన్స్ పోటీలో తొక్కుతూనే గేర్లు మార్చుకునే డిరైలర్‌ను 1937 దాకా అనుమతించలేదు. కండబలం ఉన్నవాడికి గేర్లతో పనేమిటన్నది అప్పటి పట్టుదల. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఫ్రాన్స్‌లోని సెయింత్ ఎతియెన్‌లో ఉంటూ వెలోసియో అనే కలం పేరుతో రాసిన పాల్ ద వివీ, యాత్రలు చేసేవాళ్లకు రకరకాల గేర్లు ఉండాలని పత్రికలో రాస్తూ, తానే కొండలెక్కి చూపిస్తూ వచ్చాడు. ఆయన 1930లో పోయాడు. పోటీవాళ్లు ఆ తర్వాతే దారికొచ్చారు. అంటే గేర్ల విషయంలో యాత్రికులే ముందు కళ్లు తెరిచారు. ఇవాళ చిన్న గేరు వేసుకుని కొండెక్కే ఏ యాత్రికుణ్నీ ఎవరూ మోసగాడనరు. అదే యాత్రికుడు పక్కవాడి మోటారును చూసి ఆ మాట అంటుంటే నాకు మనసు ఒప్పడం లేదు.

ఇక్కడ నేను చెబుతున్నది తొక్కితేనే సాయం చేసే సైకిల్ గురించి. జపాన్‌లో యమహా సంస్థ 1993లో ఇలాంటిదాన్ని మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. పెడల్ మీద కాలు ఎంత బలంగా పడుతోందో ఒక సెన్సర్ కొలుస్తుంది, దాన్నిబట్టి మోటారు తన వంతు కలుపుతుంది. కాలు ఆపితే మోటారూ ఆగుతుంది. యూరప్ నిబంధనల ప్రకారం దాని నిరంతర సామర్థ్యం 250 వాట్లకు మించకూడదు, గంటకు 25 కిలోమీటర్ల వేగం రాగానే సాయం ఆగిపోవాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు మూడు తరగతులు పెట్టుకున్నాయి. వాటిలో మొదటి తరగతికి గంటకు 32 కిలోమీటర్ల వేగం దాకా సాయం అందుతుంది. రెండో తరగతిలో తొక్కకుండానే బండిని నడిపే థ్రాటిల్ కూడా ఉంటుంది. బృంద యాత్రకు థ్రాటిల్ బండ్లు వద్దని నేనూ అంటాను. పక్కవాళ్లు తొక్కే లయతో వాటికి సంబంధం ఉండదు, ఎప్పుడు ముందుకు దూకుతాయో వెనకవాడికి తెలియదు.

మోటారు ఉంటే ఒంటికి శ్రమే ఉండదనేవాళ్లకు ఒక మాట. యూరప్‌లోని ఏడు నగరాల్లో పదివేల మందికి పైగా ప్రజలను పరిశీలించి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎలక్ట్రిక్ సైకిల్ వాడేవాళ్లు వారం మొత్తంలో చేసే శారీరక శ్రమ మామూలు సైకిల్ వాడేవాళ్ల శ్రమకు ఏమీ తీసిపోలేదని అందులో తేలింది. కారణం తేలికైనదే. ఒక్కో కిలోమీటరుకు శ్రమ తగ్గినా వాళ్లు ఎక్కువ దూరం తొక్కుతున్నారు. యాత్రల్లో నేను రోజూ చూసేదీ ఇదే. మామూలు సైకిల్ మీద వచ్చి మధ్యాహ్నానికే బృందం వెంట వచ్చే వ్యాన్ ఎక్కి కూర్చునే మనిషి, మోటారు సాయం ఉంటే సాయంత్రం దాకా తొక్కుతాడు. ఆ చెమట నిజమైన చెమటే.

అసలు ఈ సైకిళ్లు ఎవరికి మేలు చేశాయో చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్తిగా మిగులుతుంది. గైడ్ యాత్రలకు ఒంటరిగా వచ్చేవాళ్లకంటే జంటలుగా, స్నేహితులుగా, తండ్రీకూతుళ్లుగా వచ్చేవాళ్లే నాకు ఎక్కువ కనిపిస్తారు. ఇద్దరి బలం ఒకటిగా ఉండడం అరుదు. మొదటి ఎక్కుడులోనే ఒకరు మలుపు తిరిగి మాయమవుతారు, రెండోవారు నా దగ్గర మిగులుతారు. మళ్లీ ఇద్దరూ కలిసేది భోజనాల దగ్గరే. అలా ఏటా భర్తతో యాత్రకొచ్చి రోజంతా నాతో కబుర్లు చెబుతూ వచ్చే పెద్దావిడ ఒకరున్నారు. మోకాలి కీలు మార్చాక ఆవిడ ఎలక్ట్రిక్ సైకిల్ మీద వచ్చారు. ఆ రోజు వెనక నా పక్కన ఎవరూ లేరు. సాయంత్రం బస దగ్గర ఆవిడే నా దగ్గరికొచ్చి, "బాబూ, ఇన్నేళ్లకు కొండ మీద ఆయన పక్కన తొక్కుతూ మాట్లాడాను. ఇదివరకు ఆయన వీపు కూడా కనిపించేది కాదు" అన్నారు. పక్కనే ఉన్న భర్త మాట్లాడలేదు గానీ, మర్నాడు ఉదయం తన సైకిల్ కంటే ముందు ఆవిడ సైకిల్‌కు బ్యాటరీ బిగించి పెట్టడం చూశాను. మోటారున్నవాళ్లను వేరే బృందంగా పంపండని రాసిన పాఠకుణ్ని నేను అడిగేది ఇదే. ఈ ఇద్దరిలో ఎవరిని ఏ బృందంలో వేస్తారు?

గుండెకు స్టెంట్ వేయించుకున్న ఒకాయన సంగతీ అంతే. గుండె వేగం ఒక హద్దు దాటకుండా చూసుకోమని డాక్టరు చెప్పారు. చేతికి కట్టుకున్న గడియారంలో ఆ అంకె చూసుకుంటూ, అది పెరుగుతున్నప్పుడల్లా సాయం ఒక మెట్టు పెంచుకుంటూ ఆయన కనుమ పైదాకా ఎక్కాడు. మామూలు సైకిల్ మీద ఎక్కుడు వచ్చిందంటే ఎంత శ్రమ పడాలో కొండే నిర్ణయిస్తుంది. ఇక్కడ ఆ నిర్ణయం ఆయన వేలి కింద బొత్తాంలో ఉంది.

అయితే ఒకే బృందంలో రెండు రకాల సైకిళ్లను నడపడానికి ఆలోచన కావాలి. ఎలక్ట్రిక్ సైకిళ్లు ఎప్పుడూ ముందుంటాయనుకోవడం సరికాదు. ఎక్కుడులో అవి ముందుకు పోతాయి నిజమే. చదును దారిలో మాత్రం 25 కిలోమీటర్ల వేగం దగ్గర మోటారు ఊరుకుంటుంది. ఆపై పాతిక కిలోల బండిని సొంత కాళ్లతో లాగాలి. రోడ్డు సైకిళ్ల మీద అలవాటున్నవాళ్లు 28, 30 వేగంతో వరుసగా సాగుతుంటే ఎలక్ట్రిక్ సైకిల్ మనిషి వెనకబడి, వాళ్లను అందుకోవాలని ఆత్రంగా తొక్కి అలసిపోతాడు. అదే మనిషి కొండ మీద అందరికంటే ముందు చేరి, చెమట ఆరి చలికి వణుకుతూ అరగంట ఎదురుచూస్తాడు. రెండు చోట్లా ఒంటరే. మంచి గైడ్ ఉన్న యాత్రలో ఇలా జరగదు. కొండ మొత్తానికి శిఖరం దగ్గర ఒక్క విరామం పెట్టే బదులు ఎక్కుడు మధ్యలో రెండుమూడు చోట్ల ఆగుతారు. చదునులో ముందుండి నడిపే సైకిల్ 25 దాటకుండా చూస్తారు. సాయాన్ని తక్కువ మెట్టులో ఉంచుకుని పక్కవాళ్లతో సాగమని మొదటి రోజే చెబుతారు. ఇందులో దేనికీ అదనంగా ఖర్చు కాదు.

ఇక బ్యాటరీ. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, కాస్త వివరంగా రాయనివ్వండి.

ఒక యాత్రలో ఆ రోజు దారి 65 కిలోమీటర్లు. ముందు చాలా దూరం చదును, చివర్లో పొడవైన ఎక్కుడు, మొత్తం ఎక్కాల్సిన ఎత్తు 1,500 మీటర్లు. ఇచ్చిన సైకిళ్లకు 400 వాట్-అవర్ల బ్యాటరీ (బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో చెప్పే కొలత ఇది). నిర్వాహకులు చేతిలో పెట్టిన కాగితం మీద "ఒక చార్జింగ్‌తో 100 కిలోమీటర్లు" అని ఉంది. ఒక పెద్దాయన దాన్ని నమ్మి పొద్దుటి నుంచీ సాయం ఎక్కువ మెట్టులో పెట్టి హాయిగా తొక్కాడు. కనుమ ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా బ్యాటరీ అయిపోయింది. చార్జింగ్ ఉంటే, పక్కన నడిచేటప్పుడు సైకిలే తనను తాను గంటకు ఆరు కిలోమీటర్ల వేగంతో తోసుకునే బొత్తాం ఒకటి ఉంటుంది. చార్జింగ్ లేకపోతే అదీ లేదు. వ్యాన్ కొండకు అవతల ఉంది, ఫోన్ సిగ్నల్ లేదు. ఆయన, నేను వంతులేసుకుని ఆ బండిని తోశాం. పైకి చేరేసరికి ఆయన ముఖం చూడలేకపోయాను. అది కాళ్లనొప్పి వల్ల వచ్చిన ముఖం కాదు. అందరినీ ఆపేశానన్న సిగ్గు. ఆ సిగ్గు ఆయన పడాల్సింది కాదు.

లెక్క వేయడం ఏమంత కష్టం? మనిషి 75 కిలోలు, సైకిల్ 25, సామాను 10 అనుకుందాం. మొత్తం 110. ఇంత బరువును 1,000 మీటర్లు పైకెత్తడానికి పాఠశాల భౌతికశాస్త్రం చెప్పే శక్తి దాదాపు 300 వాట్-అవర్లు. గాలి, టైరు రాపిడి లెక్కలోకి రాకముందే ఇంత. అందులో సగం మనిషి, సగం మోటారు పంచుకుంటే మోటారు వంతు 150. మోటారులోనూ వైర్లలోనూ వేడిగా పోయేది కలిపితే బ్యాటరీ నుంచి దాదాపు 190 ఖర్చవుతుంది. మోటారుకు మూడింట రెండు వంతులు వదిలేస్తే ఆ ఖర్చు 250 దాకా పోతుంది. ఇప్పుడు ఆ రోజు దారి చూడండి. 1,500 మీటర్లకు ఎక్కువ సాయంతో 375 వాట్-అవర్లు కావాలి. పొద్దున చదును దారిలో ఖర్చయింది దానిమీద కలపాలి. 400 సరిపోదు. సగం సాయంతో అయితే ఎక్కుడుకు 285 చాలు. చదునులో పొదుపుగా వాడి ఉంటే ఆయన కనుమ దాటాక కూడా బ్యాటరీ ఇంకా కాస్త మిగిలేది. అంటే ఆ బ్యాటరీ ఆ రోజుకు సరిపడేదే. పొద్దున బయలుదేరేముందు "ఎక్కుడు మొదలయ్యేదాకా తక్కువ మెట్టులో ఉంచండి సార్" అని ఒక్కరు చెప్పి ఉంటే చాలు.

కిలోమీటర్ల లెక్క ఎందుకు పనికిరాదో చెప్పడానికి రెండు పేరున్న దారులు చాలు. జర్మనీలోని పస్సౌ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నాకు డాన్యూబ్ నది ఒడ్డున సాగే దారి 300 కిలోమీటర్లు దాటుతుంది, కొండ పేరెత్తే పనిలేదు. ఎదురుగాలి లేని రోజున 500 వాట్-అవర్ల బ్యాటరీతో తక్కువ సాయంలో 100 కిలోమీటర్లు దాటినా ఆశ్చర్యం లేదు. ఇటలీలోని స్టెల్వియో కనుమకు ప్రాతో ఊరి వైపు నుంచి దారి సుమారు 24 కిలోమీటర్లే. కానీ అందులో 48 మెలికలు, 1,800 మీటర్ల ఎక్కుడు ఉన్నాయి. ఎక్కువ సాయం పెట్టుకుంటే అదే బ్యాటరీ ఆ 24 కిలోమీటర్లకే దాదాపు ఖాళీ. హ్యాండిల్ మీద తెరలో కనిపించే "ఇంకా ఇన్ని కిలోమీటర్లు" అన్న అంకె కూడా అంతవరకు తొక్కిన తీరును బట్టి వేసిన అంచనా. చదునులో అది 60 అని చూపించి, కొండ మొదలవగానే 20కి పడిపోతుంది. ముందు కొండ ఎంత ఉందో సాధారణంగా దానికి తెలియదు. గైడుకు తెలుసు. చెప్పాల్సింది గైడే.

మధ్యాహ్నం భోజన విరామాన్ని కూడా వాడుకోవచ్చు. 4 ఆంపియర్ల చార్జర్‌తో గంటసేపు పెడితే 130, 140 వాట్-అవర్లు ఎక్కుతాయి. ఇందాకటి లెక్క ప్రకారం ఎక్కువ సాయంతోనే 500 మీటర్ల ఎక్కుడుకు అది సరిపోతుంది. లేదంటే వ్యాన్‌లో నింపిన బ్యాటరీలు రెండు ఉంచి, ఎక్కుడు మొదలయ్యేచోట మార్చాలి. చలి ప్రదేశాల్లో అయితే ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. చలికి లిథియం బ్యాటరీ పూర్తి శక్తి ఇవ్వదు. గడ్డకట్టే చలిలో దాన్ని చార్జింగ్‌కు పెడితే లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. రాత్రి సైకిల్ బయట ఉన్నా బ్యాటరీ లోపలికి రావాలి.

ఆ లోపల ఎక్కడ అన్నదే తర్వాతి సమస్య. పది సైకిళ్లకు పది చార్జర్లు. ఒక్కోటి 170 వాట్ల చొప్పున లాగితే 1,700 వాట్లు. పాత కట్టడంలోని చిన్న బసలో ఒకే ప్లగ్గుకు ఎక్స్‌టెన్షన్ బోర్డు, దానికి ఇంకో బోర్డు తగిలించి పదీ పెట్టడం నేను కళ్లారా చూశాను. ఆ బోర్డు చేతికి వేడిగా తగిలింది. సగం పీకేసి, ఆ రాత్రి రెండు విడతలుగా పెట్టాను. 500 వాట్-అవర్ల బ్యాటరీ 4 ఆంపియర్లతో నిండడానికి నాలుగున్నర గంటలు పడుతుంది కాబట్టి రెండో విడత తెల్లవారుజాముకు గాని పూర్తికాలేదు. లిథియం బ్యాటరీకి లోపల దెబ్బ తగిలి మంట అంటుకుంటే దాన్ని ఆర్పడం చాలా కష్టం. ఎలక్ట్రిక్ సైకిళ్ల బ్యాటరీ మంటలు వరుసగా జరిగాక న్యూయార్క్ నగరం 2023లో చట్టం తెచ్చి, యూఎల్ 2849 అనే విద్యుత్ భద్రతా ప్రమాణం నెగ్గిన సైకిళ్లనే అమ్మాలని కట్టడి చేసింది. యాత్రా నిర్వాహకుడు బస మాట్లాడుకునేటప్పుడే చార్జింగ్ గది అడగాలి. మనుషులు పడుకునే గదిలో, బయటికి వెళ్లే దారికి అడ్డంగా పెట్టకూడదు. తయారీదారు ఇచ్చిన చార్జర్ తప్ప వేరేది వాడకూడదు. కింద పడి సొట్టపోయిన బ్యాటరీని పక్కకు తీసేయాలి. ఇవి యాత్రికుడికి చెప్పి వదిలేసే సంగతులు కావు, నిర్వాహకుడు దగ్గరుండి చేయించాల్సినవి.

చాలామంది అడుగుతుంటారు, సొంత ఎలక్ట్రిక్ సైకిల్ తెచ్చుకోవచ్చా అని. విమానంలో రావాలంటే కుదరదు. ప్రయాణికుల సామానులో 160 వాట్-అవర్లు మించిన లిథియం బ్యాటరీని ఒప్పుకోరు, 100 దాటినా విమాన సంస్థ అనుమతి ఉండాలి. యాత్రా సైకిల్ బ్యాటరీ దానికి మూడు నాలుగు రెట్లు. అందువల్ల దూరం నుంచి వచ్చేవాళ్లు నిర్వాహకుడు ఇచ్చే సైకిల్ మీదే ఆధారపడాలి. ఆధారపడేవాళ్లు ఉన్నప్పుడు ఇచ్చేవాడి బాధ్యత పెరుగుతుంది. ఎత్తు చెప్పినా సరిపడని ఫ్రేము ఇవ్వడం, మూడేళ్లు అద్దెకు తిరిగి సత్తువ తగ్గిన బ్యాటరీని కొత్త బ్యాటరీ లెక్కలతో అంటగట్టడం నేను చూసినవే. కంపెనీ రాసిన 500 కొన్ని వందల చార్జింగుల తర్వాత 500గా ఉండదు.

ఇప్పుడు దిగుడు. ఎవరూ సరిగా మాట్లాడని విషయం ఇదేనని నాకనిపిస్తుంది. పూర్వం కొండ పైదాకా సొంత కాళ్లతో ఎక్కగలిగేవాడికి ఆ బలం వచ్చేలోపే ఏళ్ల అనుభవం వచ్చేది. మలుపు ముందు వేగం తగ్గించడం, లోపలి కాలు పైకెత్తడం, చూపు మలుపు చివర నిలపడం అలవాటైపోయేవి. మోటారు ఆ ఏళ్లను దాటించేసింది. సైకిల్ తొక్కి చాలాకాలమైన మనిషి కూడా మధ్యాహ్నానికి రెండు వేల మీటర్ల ఎత్తులో నిలబడతాడు. కిందికి రావడానికి మాత్రం మోటారు సాయం చేయదు. పైగా బండి మామూలుదాని కంటే పది పన్నెండు కిలోలు ఎక్కువ. భయంతో బ్రేకును దిగుడు పొడవునా నొక్కిపెట్టి దిగితే బ్రేకు డిస్కు విపరీతంగా వేడెక్కుతుంది, ప్యాడ్లు అరుగుతాయి, చేతివేళ్లు పట్టేస్తాయి. నేను ఈ సైకిళ్లకు ప్యాడ్లు మార్చినన్నిసార్లు వేరే ఏదీ మార్చను. కాబట్టి మొదటి రోజు అరగంట ఖాళీ స్థలంలో తొక్కించాలి. రెండు బ్రేకులూ కలిపి నొక్కడం, వదిలి నొక్కడం, సీటు మీద బరువు వెనక్కి జరపడం నేర్పాలి. ఆగి ఉన్నప్పుడు ఊరికే పెడల్ మీద కాలు పెట్టి ఆనొద్దని కూడా చెప్పాలి. సెన్సర్ దాన్ని తొక్కుడుగానే తీసుకుంటుంది, బండి ఒక్క ఉదుటున ముందుకు పోతుంది. ఇది చెప్పకపోవడం వల్ల మొదటి గంటలోనే పడ్డవాళ్లను లేపాను.

నా పనిముట్ల సంగతి రెండు ముక్కల్లో. మోటారు పెడల్ దగ్గర ఉండే సైకిల్ యాత్రకు మేలు, ఎందుకంటే వెనక చక్రం మామూలు చక్రమే, పంక్చర్ పడితే చప్పున విప్పొచ్చు. చక్రంలోనే మోటారు ఉంటే వైరు తీయాలి, ఇరుసు నట్లు విప్పాలి, వానలో అది పెద్ద పని. పెడల్ దగ్గరి మోటారుకు మరో ఖర్చుంది. దాని బలమంతా చైన్ మీదుగా పోతుంది కాబట్టి చైన్ త్వరగా అరుగుతుంది. గేరు మార్చేటప్పుడు కాలు కాస్త తేలిక చేయమని నేను రోజూ బతిమాలుకుంటాను. వ్యాన్ మీదికి ఎక్కించేటప్పుడు బ్యాటరీ తీసేయాలి, మూడు కిలోలు తగ్గుతుంది, ఎత్తేవాడి నడుము బతుకుతుంది. ఇంకొకటి, వెనక వచ్చే నాలాంటివాడికి ఎలక్ట్రిక్ సైకిల్ ఇవ్వడం మంచిది. ముందు ఎవరో పడ్డారని కబురొస్తే రెండు మలుపులు పైకి, మళ్లీ కిందికి పరుగు పెట్టడానికి దానికంటే సాయమైనది నాకు దొరకలేదు.

మామూలు సైకిల్ మీద వచ్చే మిత్రులను ఒకటి కోరుతున్నాను. కొండ మీద పక్కనుంచి మోటారు సాయంతో దాటిపోయేవారిని చూసి "మీకేం, కరెంటు ఉంది" అనకండి. సరదాగా అన్నా అది తగిలేచోట తగులుతుంది. ఆ మాట విన్నాక సాయం పూర్తిగా ఆపేసి, పంతానికి పోయి, పాతిక కిలోల బండిని తొక్కి మోకాలు వాచిపోయినవారిని మర్నాడు వ్యాన్‌లో కూర్చోబెట్టాల్సి వచ్చింది. మీ శ్రమ విలువ ఆయన మోటారు వల్ల తగ్గదు. మీరు ఎక్కిన కొండ మీరు ఎక్కిందే.

డబ్బు కట్టబోయే పాఠకులు నిర్వాహకుణ్ని అడగాల్సినవి ఎక్కువేం లేవు. ప్రతి రోజుకూ ఎక్కుడు ఎన్ని మీటర్లు, బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లు, అది ఎన్నేళ్లది, మధ్యాహ్నం చార్జింగ్ గాని మారు బ్యాటరీ గాని ఉందా, రాత్రి ఎక్కడ పెడతారు, మొదటి రోజు బ్రేకులు నేర్పుతారా. దారిలో మోటారు సైకిళ్లను రానివ్వని అడవి బాటలు, ఉద్యానవనాలు ఉన్నాయా అన్నది కూడా అడగండి, కొన్నిచోట్ల ఎలక్ట్రిక్ సైకిల్‌నూ వాటితో కలిపే చూస్తారు. వీటికి వెంటనే సమాధానం చెప్పగలిగినవాడు యాత్రను ఆలోచించి వేసినట్టు. "అదంతా మేం చూసుకుంటాం" అని దాటవేసేవాడి దగ్గర అంకెలు వచ్చేదాకా డబ్బు కట్టకండి.

చివరిగా మీకో విన్నపం. యాత్రల పేజీలో సైకిల్ యాత్రల వివరాలు వేసినప్పుడు రోజుకు ఇన్ని కిలోమీటర్లు అని మాత్రమే ఉంటోంది. దాని పక్కనే ఆ రోజు ఎక్కుడు మీటర్లు కూడా నిర్వాహకులను అడిగి తీసుకుని వేయండి. మామూలు సైకిల్‌వాళ్లకూ అది అవసరమే.

ఇట్లు,
సైకిల్ యాత్రల్లో వెనక వచ్చే ఒక మెకానిక్